సోలెడు తవుడికి ఇచ్చిన బిడ్డ

నమోదు 1. పడవలకు ఇంకా ఇరవై రోజులు.

తగవుల సభవారికి.

నా పేరు బోనెల తవిటమ్మ. మూడో తిన్నె, తొమ్మిదో ఇల్లు. ఇంటి పెద్దను నేనే. చదువు రాదు కనుక మా ఇంటి గోడ మీది చెవిపెట్టెకు చెప్పి రాయిస్తున్నాను. నా మాటను అది పుస్తకాల భాషలోకి ఇస్త్రీ చేసి పెడుతుందట, సభకు పంపేది అలా ఉంటేనే చెల్లుతుందట. సరే, చెయ్యమన్నాను. ఎదుటివాళ్ళు అన్న మాటలు మాత్రం ముడతలతోనే ఉంచమన్నాను. ఎవరేం అన్నారో మీరు ఉన్నదున్నట్టు వినాలి కదా.

ముందు ఫిర్యాదు చెప్తాను. నాలుగు నెలల నా మునిమనవరాలిని మీరు పెట్టించిన ఈ చెవిపెట్టే పక్కింటి బిడ్డగా రాసేసింది. ఎవరినీ అడగకుండా రాసింది. నీళ్ళు మళ్ళీ పెరుగుతున్నాయని, నీటి నడుమ కట్టిన ఈ తిన్నెలు ఇరవై రోజుల్లో ఖాళీ చేసి అందరం కొండలకు పోవాలి. మా ఇంటికి ఉత్తరపు కొండ పడింది. పక్కింటికి దక్షిణపు కొండ పడింది. మధ్యలో ఒక పూట పడవ ప్రయాణం. కొండమీద నీళ్ళు మనిషి లెక్కన కొలిచి పోస్తారు కాబట్టి, చుట్టపుచూపుగా వెళ్ళినా ఏడు రోజులకు మించి ఉండనివ్వరు. రాసిన ప్రకారం పిల్ల ఒక కొండకు, పాలిచ్చే తల్లి ఇంకో కొండకు.

ఇక ఇది ఎలా జరిగిందో వినండి.

పిల్ల తల్లి సుభిక్ష, నా మనవరాలు. ఇది దానికి మూడో కాన్పు. మొదటి ఇద్దరూ నెల తిరక్కుండానే నిద్రలో పోయారు. జ్వరం లేదు, దగ్గు లేదు. పొద్దున లేచి చూస్తే చల్లగా ఉన్నారు. మా వైపు ఒక పద్ధతి ఉంది. పిల్లలు దక్కని ఇంట్లో బిడ్డ పుడితే, పదకొండో రోజున పొరుగింటావిడకు సోలెడు తవుడికి అమ్మేస్తారు. బిడ్డ ఉండేది తల్లి ఒళ్ళోనే. మాట మాత్రం అమ్మిన మాట. వెతుక్కుంటూ వచ్చిన చావు, ఈ ఇంట్లో వీళ్ళ బిడ్డ లేదు, ఉన్నది పరాయి సరుకు అనుకుని తిరిగిపోతుంది. ఏడాది నిండి పుట్టువెంట్రుకలు తీసిన రోజున సోలెడు తవుడు వెనక్కిచ్చి కొనుక్కుంటారు. నా పేరు ఎక్కడిదనుకుంటున్నారు? నాకంటే ముందు మా అమ్మకు నలుగురు పోయారు.

పక్కింటి దత్తి గవరమ్మకే ఎందుకు అమ్మానంటే, మా తిన్నె మొత్తానికి తవుడున్న ఇల్లు అదొక్కటే. ఆవిడ బాతులు పెంచుతుంది. ఆ బాతుల రెట్టల మూలంగా మా ఇద్దరికీ పదేళ్ళుగా సరిపడదు. అయినా అడిగితే సోలెడు తవుడు పట్టుకొచ్చింది. రెండిళ్ళ మధ్య నడవలో నిలబడి నేను ఇచ్చానన్నాను, ఆవిడ పుచ్చుకున్నానంది. తవుడు బాతులకే పోశాం.

ఇరవై రెండేళ్ళ కిందట సముద్రం ఊళ్ళను ముంచిన ఆ మునకలో కాగితాలన్నీ కొట్టుకుపోయాక వచ్చిన నోటిమాట చట్టం మీకు తెలిసిందే. రెండిళ్ళ చెవిపెట్టెలు వింటుండగా ఒకరు ఇచ్చానని, ఒకరు పుచ్చుకున్నానని అంటే అదే దస్తావేజు. తల్లీతండ్రీ మిగలని పిల్లలను అప్పట్లో ఈ రెండు మాటలతోనే ఇంటింటికీ ఒప్పగించారు. మంచి చట్టం. నేను వంక పెట్టను. అయితే అప్పుడు, మనం పేరు పెట్టి పిలిస్తేనే పెట్టె వింటుందని చెప్పారు. పోయిన వారం కొండల జాబితా కోసమని పెట్టెలన్నిటికీ కొత్త బుద్ధి ఎక్కించారు. అది పాత మాటలన్నీ తిరగేసి ఎవరు ఎవరికి ఏమిచ్చారో ఏరుకుంది. పిలవనిదే వినని పెట్టె నాలుగు నెలల కిందటి నా మాటను ఎక్కడ దాచుకుంది? దీనికి సభవారు జవాబు చెప్పాలి.

ఇవాళ పొద్దున ఊపిరి తొట్టి ఆగిపోయింది. పిల్ల ఊపిరి లెక్కపెట్టే తొట్టి అది. తేడా వస్తే గంట కొట్టి పడవ ఆస్పత్రికి కబురు పంపుతుంది. దాని మీది పచ్చదీపం చూసుకునే సుభిక్ష ఈ నాలుగు నెలలూ కన్ను మూసింది. ఈ ఇంట్లో నమోదైన శిశువు లేదు కనుక పని చెయ్యనంది తొట్టి. పిల్ల అందులోనే పడుకుని కాళ్ళు ఆడిస్తోంది.

నమోదు 2. పంతొమ్మిది రోజులు.

తొట్టిని ఇద్దరం మోసుకుని గవరమ్మ ఇంట్లో పెట్టాం. గడప దాటగానే పచ్చదీపం వెలిగింది. పిల్ల అక్కడే పడుకుంటోంది, తల్లి తొట్టి పక్కనే చాప వేసుకుంటోంది. నేను మా ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. మనవరాలి మొగుడు దాలినాయుడు కొండమీద ఇళ్ళు కట్టే పనిలో ఉన్నాడు, పడవల దాకా రాడు.

ఈ ముసలిదానికి సామాన్లంటే పడదు, అందుకే సతాయిస్తోంది అని సభవారు అనుకోవచ్చు. అదేం కాదు. సామాను గురించి నాకు తెలిసింది చెప్తాను. మా అన్నం కుండకు ఉప్పు గోల. నేను ఉప్పుమడుల్లో పుట్టి పెరిగినదాన్ని, చిటికెడు ఎక్కువేస్తే వద్దమ్మా అంటుంది. అయినా అన్నం మెతుకు మాడకుండా వండుతుంది, అందుకని భరిస్తాను. నడక కర్ర ఇచ్చారు. చేపలు కొయ్యడానికి గొంతుకూర్చుంటే పడిపోయాననుకుని కేకలు పెట్టేది. రెండుసార్లు ఆస్పత్రి పడవ వచ్చింది. రెండోసారి వచ్చినవాళ్ళకు చేపల పులుసు పోసి పంపాను. ఇప్పుడు ఆ కర్ర నోరు కట్టించి బాతులను తోలడానికి వాడుతున్నాను. తలుపు మాట్లాడుతుంది. తలుపుకు మాటలెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

చెవిపెట్టె మాత్రం వేరు. మునకకు ముందు బియ్యం కార్డు కోసమని చెప్పి ఒకాయన నా చేత కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. మా మడి మేమే వదులుకుంటున్నట్టు అందులో రాసి ఉందని మూడేళ్ళకు తెలిసింది. చదువుకున్నవాళ్ళు చెప్పిందే రాసిందనుకోవడం తప్ప మాకు వేరే దారి ఉండేది కాదు. పెట్టె వచ్చాక ఏ కాగితమైనా దాని ముందు పెడితే ఉన్నది ఉన్నట్టు చదివింది. అర్థం కాకపోతే మళ్ళీ చదివింది, విసుక్కోలేదు. నా జన్మలో నా మీద విసుక్కోకుండా చదివి పెట్టిన మొదటి మనిషి అదే. మనిషి కాదులెండి. అందుకే దాని మీద నాకు ఇంత కోపం.

నమోదు 3. పదిహేడు రోజులు.

తిన్నె కచేరీకి వెళ్ళాం. నేనూ, సుభిక్షా, చంకలో పిల్లా. అక్కడ నమోదులు చూసే హేమసుందరిగారు మంచి మనిషి. మోకాళ్ళ నొప్పితో బల్ల కింద కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. మొత్తం వింది, నవ్వలేదు. ఇది ఒక్క నిమిషం పని అంది. ఇచ్చిన ఇంటివాళ్ళలో ఎవరో ఒకరు పెట్టె ముందు నిలబడి, ఆ రోజు అన్నది నిజం కాదు, ఉత్తుత్తి మాట అని చెప్తే చాలట. రాత కొట్టేసి, బిడ్డను మా ఇంటికి మార్చి రాస్తారట.

చదువుకున్నది కాబట్టి సుభిక్షను ముందుకు తోశాను. అది పదో తరగతి దాకా చదివింది. తవుడికి ఇచ్చే రోజున నన్ను చూసి నవ్వింది కూడా, చావుకు ఇంటి నంబర్లు తెలుసా నానమ్మా అని. పెట్టె ముందు నిలబడింది. దీపం వెలిగింది. నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. హేమసుందరిగారు మాట అందించింది, ఉత్తుత్తి అని. సుభిక్ష పిల్లను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది.

"నాను నమ్మనండి," అంది. "నమ్మను గాని, నా నోటితో అననేను. ఇద్దర్ని మట్టిలో పెట్టీసొచ్చినాను."

నేను చెప్పేస్తానని లేచాను. చెప్పేసేదాన్నే. పిల్ల కళ్ళముందు ఉంటే చాలు, మాట పోతే పోనీ అనుకున్నాను. సుభిక్ష నా చెయ్యి పట్టుకుంది. పిల్ల పుట్టినప్పటి నుంచి అది ఏ మాటా నాకు అడ్డం చెప్పలేదు. ఆ పట్టుకు నా గాజు విరిగింది.

హేమసుందరిగారు పెట్టె దీపం ఆర్పింది. పడవలకు మూడు రోజుల ముందు దాకా వచ్చి చెప్పొచ్చు, ఆలోచించుకోండి మామ్మగారూ, అంది. ఆవిడ తప్పేమీ లేదు. పెట్టెకు తెలిసినవి రెండే. మాట నిజమైతే బిడ్డ గవరమ్మది, అబద్ధమైతే మాది. మా పద్ధతి ఈ రెంటి నడుమా ఉంది. అక్కడ పెట్టెకు గది లేదు.

దాలినాయుడికి కబురు చెప్పాం. చెప్పేసి తెమల్చకూడదా అని ముందు అరిచాడు. సుభిక్ష ఏమందో నాకు వినపడలేదు. తర్వాత మీరెలా అంటే అలాగే అన్నాడు.

నమోదు 4. పదిహేను రోజులు.

గవరమ్మ మీద కూడా నాకు ఫిర్యాదు ఉంది. రాసుకోండి.

ఆవిడ పెట్టె ఇప్పుడు రోజూ పొద్దున చెప్తోంది, మీ బిడ్డ బరువు ఆరు కిలోలు, రాత్రి ఎనిమిది గంటలు నిద్రపోయింది, గురువారం సూది వెయ్యాలి అని. ఆ కబురు గవరమ్మ చేపల పడవ వాడికి చెప్తుంది, నీళ్ళు పోసేవాడికి చెప్తుంది, నాలుగో ఇంటి గోడ మీద నుంచి వంగి మరీ చెప్తుంది. పిల్లకు పంపిన గుడ్డలు ఆవిడ పేరుతో వస్తున్నాయి. ఆవిడే విప్పి, ఆవిడే మడతపెడుతోంది. నిన్న సూదులమ్మ వచ్చి తల్లి ఎవరని అడిగితే, సుభిక్ష పాలిస్తూ ఉండగానే గవరమ్మ నేనేనంది.

నేను నడవలోకి వెళ్ళి అడగాల్సినవన్నీ అడిగాను. కర్ర కూడా తీసుకెళ్ళాను. నువ్వు ఎన్నడైనా ఒక్క పురుడు పోసుకున్నావా అన్నాను. ఆ మాట అనకూడదు. అన్నాను.

ఆవిడ బాతులకు మేత కలుపుతోంది. చెయ్యి తీయలేదు.

"నాను అడిగినానేటి, తవిటప్పా? నీ నోటితో నువ్వే ఇచ్చినావు. ఇప్పుడు నా మీదకొచ్చి కర్రాడిస్తే నానేటి సేసీది?"

 బాతుల గురించి తిట్టి వచ్చేశాను.

నమోదు 5. పదకొండు రోజులు.

మూడు రోజులుగా ఎండు చేపలు మూటలు కడుతూ పెట్టె చేత చట్టం చదివిస్తున్నాను. నోటిమాట చట్టం మొత్తం, మొదటి నుంచి చివరి దాకా. ఇంతవరకూ మొత్తం వింటానన్నవాళ్ళు ఎవరూ లేరట. పెట్టే చెప్పింది. ముఖ్యమైనవి చెప్పనా అని నాలుగుసార్లు అడిగింది. ఏది ముఖ్యమో నేను తేల్చుకుంటాను, నువ్వు చదువు అన్నాను. బియ్యం కార్డు కాగితం నాకు ఒక బుద్ధి నేర్పింది. మనకు పనికొచ్చేది ఎప్పుడూ వాళ్ళు ముఖ్యం కాదన్నదాంట్లోనే ఉంటుంది.

పడవలు ఇచ్చుకోవడం, వలలు ఇచ్చుకోవడం, నీళ్ళ వంతు ఇచ్చుకోవడం. పెళ్ళి మాట. పిల్లల ఒప్పగింత. నేను వింటున్నాను, మూటలు కడుతున్నాను. నూట నలభై మూడో నియమం దగ్గర చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ మళ్ళీ, ఆరుసార్లు చదివింది.

డెబ్బై దాటిన ముసలివాళ్ళ గురించిన నియమం అది. మునకలో దిక్కులేకుండా మిగిలినవాళ్ళ కోసం పెట్టారు. డెబ్బై దాటిన మనిషి తనను తాను మరో ఇంటికి ఒప్పగించుకోవచ్చు. ఆ మనిషి ఇంటి పెద్ద అయితే, ఆ ఇంట్లో నమోదైనవాళ్ళందరూ ఆ మనిషితో పాటే కొత్త ఇంటికి చేరతారు. రెండు ఇళ్ళు ఒక ఇల్లవుతాయి. ఐదేళ్ళ దాకా విడదీయరు.

గవరమ్మకు డెబ్బై ఒకటి. ఒంటరి మనిషి. ఆవిడ ఇంట్లో నమోదైనది ఇద్దరే, ఆవిడా, మా పిల్లా. గవరమ్మ మా ఇంటికి ఒప్పగించుకుంటే పిల్ల ఆవిడతో పాటు వస్తుంది. ఎవరూ ఏ మాటా అబద్ధమని చెప్పక్కర్లేదు. నాకు అంత సంతోషం చాలా ఏళ్ళుగా లేదు. మిగిలిన చట్టం కూడా చదవనా అంది పెట్టె. నీ పని అయిపోయింది పడుకో అన్నాను.

నమోదు 6. పది రోజులు.

గవరమ్మను కొనడానికి వెళ్ళాను. నా దగ్గర తవుడు లేదు, సోలెడు నూకలు కొంగులో కట్టుకెళ్ళాను. మొన్న అన్న మాటకు ముందు చెంపలు వేసుకున్నాను. అలా వేసుకోవడం నాకు అలవాటు లేదు. సరిగ్గా తగిలిందో లేదో కూడా తెలియదు.

నియమం చెప్పాను. మా ఇంట్లో ఒక మూల ఇస్తానన్నాను, బాతులను కూడా రానిస్తానన్నాను. ఆవిడ నూకల వైపు చూసింది. పసిగుంటకి సోలెడు, నాకూ సోలెడేనా అంది. ఇంకో సోల తెస్తానన్నాను. నవ్వింది. తర్వాత చేతులు తుడుచుకుని గడప మీద కూర్చుంది. నన్నూ కూర్చోమంది. మా వాకిళ్ళు ఎదురెదురుగా ఉన్నా, ఆ గడప మీద నేను కూర్చున్నది అదే మొదటిసారి.

మొగుడు మునకలో పోయాక ఆ పెట్టె తనతో మాట్లాడిన మాటలు ఎన్నో చెప్పింది. పొద్దున మాత్ర, మధ్యాహ్నం మాత్ర, రాత్రి మాత్ర. ఇరవై రెండేళ్ళు. పోయిన వారం లేచేసరికి అదే గొంతు, మీ బిడ్డ బాగా నిద్రపోయిందండీ అందట. తప్పని తెలిసినా తప్పని చెప్పలేకపోయిందట.  

అప్పుడు ఆవిడ అసలు మాట అంది.

"నానొత్తాను, తవిటప్పా. నాకేటి పోయింది, ఒక్కద్దాన్ని. మరి నాను నీ ఇంటికొచ్చి సేరితే, గుంట నీ ఇంటికొచ్చి సేరినట్టు కాదేటి? ఏడాది నిండనేదు. ఇంకా ఏడు నెల్ల పైనే ఉంది."

నేను మూడు రోజులు చట్టం విన్నాను. ఈ సంగతి నాకు తట్టలేదు. గవరమ్మకు తట్టింది.

ఆవిడ నా ఇంటికి వస్తే నేను బిడ్డను వేళకు ముందే వెనక్కి తెచ్చుకున్నట్టు. చావుకు దారి చూపించినట్టు. కచేరీలో సుభిక్ష ఏ మాట అనలేకపోయిందో, అదే నేను నోటితో కాకుండా చేతితో చేసినట్టు.

పిల్ల గవరమ్మదిగానే ఉండాలి, తల్లి పిల్లతో ఉండాలి. అలా కావాలంటే దారి ఒకటే ఉంది. అది నాకూ తెలిసింది, ఆవిడకూ తెలిసింది. ఇద్దరం పైకి అనలేదు. నూకలు బాతులకు పోసి వచ్చేశాను.

నమోదు 7. ఆరు రోజులు.

నాలుగు రోజులు ఏమీ రాయించలేదు.

పెట్టెను ఒక్కటే అడిగాను. డెబ్బై నాలుగేళ్ళదాన్ని, నేనే ఇంటిల్లిపాదితో గవరమ్మ ఇంటికి ఒప్పగించుకుంటే నాకు ఏమేమి పోతాయి అని. దాచకుండా చెప్పింది. ఇంటి పెద్ద అన్న పేరు పోతుంది. నీళ్ళ వంతు నా పేరున రాదు. తలుపు నా మాట వినదు, కొత్త ఇంటి పెద్ద చెప్తేనే తీస్తుంది. ఈ పెట్టె కచేరీకి తిరిగి వెళ్ళిపోతుంది, ఇంటికి ఒకటే పెట్టె. పైగా, ఇంకొకరి ఇంటికి చేరిన మనిషి సభ ముందు తగవు పెట్టకూడదు. ఇంటి పెద్దే పెట్టాలి. అంటే మీకు నేను చెప్పుకుంటున్న ఈ ఫిర్యాదు ఎక్కడిదక్కడ ఆగిపోతుంది.

ఇంటి పెద్ద అన్న మాట నాకు ఎక్కడ దొరికిందో చెప్తాను. మునక తర్వాత పేర్లు రాసుకునే వరసలో నిలబడ్డాను. ముందు మా నాన్న ఇల్లు, తర్వాత మా ఆయన ఇల్లు, తర్వాత కొడుకు ఇల్లు. యాభై రెండేళ్ళు ఎవరో ఒకరి ఇంట్లో ఉన్నాను. వరసలో నా వంతు వచ్చేసరికి ఆ ముగ్గురిలో ఎవరూ మిగల్లేదు. నా చేతిలో రెండేళ్ళ సుభిక్ష ఒక్కటే మిగిలింది. ఇంటి పెద్ద ఎవరని ఒక పెట్టె అడిగింది. వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. నేనేనన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఆ రోజు నుంచి ప్రతి పొద్దునా పెట్టె నన్ను అలాగే పిలిచింది.

ఇవాళ సుభిక్షకు చెప్పాను. అది ఒప్పుకోలేదు. తనే కచేరీకి వెళ్ళి ఆ మాట చెప్పేస్తానంది, ఇప్పుడే వెళ్తానంది, చెప్పులు కూడా వేసుకుంది. వాకిలి దాటలేదు. చెప్పులతోనే గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. నేను పక్కన కూర్చుని మిగిలిన చేపల మూటలు కట్టాను.

నమోదు 8. నాలుగు రోజులు.

సభవారికి నేను ఇంటి పెద్దగా చెప్పే చివరి మాటలు ఇవి.

బిడ్డను మార్చి రాయమని ఇక అడగను. మాట మాటే, నేను ఇచ్చాను, ఆవిడ పుచ్చుకుంది. నేను అడిగేది ఒక్కటే. ఎవరి నోటి నుంచి వచ్చిన మాటనైనా చట్టంగా రాసే ముందు, ఇది ఇలా రాసుకోమంటారా అని ఒక్కసారి అడగమనండి. వేలిముద్ర వేయించుకున్నవాడు అడగలేదు. వాడు మనిషి, వాడికి అడగకపోవడంలో లాభం ఉంది. పెట్టెకు ఏం లాభం? అది మంచిది. దానికి అడగడం నేర్పిస్తే అడుగుతుంది.

పై మాటలు పొద్దున మా పెట్టె రాసింది, ఈ కింది ముక్క తర్వాత గవరమ్మ పెట్టె చేత కలిపించాను. మధ్యాహ్నం నడవలోకి వెళ్ళాం. హేమసుందరిగారు కూడా మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చింది. గవరమ్మ ఉతికిన చీర కట్టుకుంది, సోలెడు తవుడు పట్టుకుని నిలబడింది. సోల ఒక పక్కకు ఒరిగింది, తవుడు కొంచెం కొంచెంగా రాలుతోంది, బాతులు కాళ్ళ దగ్గర చేరాయి. రెండు తలుపులూ తెరిచి పెట్టాం, రెండు పెట్టెలూ వినాలని. సుభిక్ష పిల్లను ఎత్తుకుని ఎటూ కాకుండా మధ్యలో నిలబడింది.

నేను ఇచ్చానన్నాను. ఎవరినని అడిగింది మా పెట్టె. కొత్త బుద్ధి కదా. నన్ను అన్నాను.

గవరమ్మ ఏమీ అనలేదు. నాకు భయం వేసింది. మనసు మారిందేమోనని చూశాను. ఆవిడ కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక తలను భుజానికి రాసుకుంటోంది.

"బేగి అను, గవరీ," అన్నాను. "బాతులు తినీగలవు."

పుచ్చుకున్నానంది.

మా పెట్టె నన్ను చివరిసారి పిలిచింది. ఇంటి పెద్దా అనలేదు, పేరు పెట్టి పిలిచింది. బోనెల తవిటమ్మగారూ, మీరు దత్తి గవరమ్మగారి ఇంటికి చేరారు, సెలవు అంది. ఇరవై రెండేళ్ళలో అది సెలవు అనడం వినలేదు. హేమసుందరిగారు దాన్ని గోడ నుంచి విప్పి సంచిలో పెట్టుకుంది. గోడ మీద ఆ మేర తెల్లగా ఉంది.

సోలలో మిగిలిన తవుడు నా చేతిలో పోసింది గవరమ్మ. పిడికెడు కూడా లేదు.

నమోదు 9. పడవల రోజు.

ఇదీ రాస్తున్నది దత్తి గవరమ్మ ఇంటి చెవిపెట్టె. తవిటమ్మను నేను చెప్తాను, రాయమని ఆవిడ చెప్పాలి. చెప్పింది. రోజూ చెప్పించుకోవాలంటే నాకు విసుగు, చెప్పడమంటే ఆవిడకూ విసుగే. ఈ పెట్టెకు నా యాస కొంచెం కొత్త. మాత్రల మాటలు తప్ప వేరే అలవాటు లేదు. నేర్చుకుంటోంది.

ఫిర్యాదు సంగతి. ఇంటి పెద్ద పెట్టాలన్నారు కదా. గవరమ్మను అడిగాను, నా పేరు మీద ఉన్నది నీ పేరు మీదకి మార్చుకుంటావా అని. మొదటి నమోదు నుంచి ఎనిమిదో దాకా మొత్తం చదివించుకుని వింది. తన మీద నేను పెట్టిన ఫిర్యాదు కూడా వింది. అది తీసెయ్యమంటుందనుకున్నాను. తీయొద్దు, ఉండనీ అంది. తన బాతుల గురించి అన్నది మాత్రం అబద్ధమని రాయించమంది. నేను రాయించలేదు. కాబట్టి సభవారు ఈ తగవును దత్తి గవరమ్మ పెట్టినదిగా తీసుకుని జవాబు పంపండి. దక్షిణపు కొండకు పంపండి.

పొద్దున రేవుకు వెళ్ళాం. దాలినాయుడు ఉత్తరపు కొండ పని వదిలి మొన్ననే వచ్చాడు, తొట్టిని నెత్తిన పెట్టుకున్నాడు. పచ్చదీపం దారంతా వెలుగుతూనే ఉంది. పడవ ఎక్కే చోట ఒక తలుపు పెట్టారు. అది ఒక్కొక్కరినీ ఆపి మీరెవరని అడుగుతుంది, జవాబు జాబితాతో కలిస్తే తీస్తుంది. గవరమ్మను అడిగింది, ఇంటి పెద్దనంది, తీసింది. గవరమ్మ చేతిలో బాతుల బుట్ట ఉంది. పిల్లను అడిగింది, పిల్ల తరఫున గవరమ్మే వెనక్కి తిరిగి, మా గుంట అని చెప్పింది. సుభిక్షను, దాలినాయుడిని అడిగింది, తీసింది.

నన్ను అడిగింది. నోటికి అలవాటైన మాట వచ్చేయబోయింది. పళ్ళ దగ్గర ఆపాను. ఆ మాట అంటే జాబితాతో కలవదు, తలుపు తీయదు. వెనక వరస పెరుగుతోంది. లోపల సుభిక్ష నా వైపే చూస్తోంది, పిల్ల దాని భుజం మీద నిద్రపోతోంది.

"గవరమ్మగారి మనిసిని," అన్నాను.

తలుపు తీసింది. పడవలోకి దిగాను. పదేళ్ళలో నేను ఆవిడను గారు అనడం అదే మొదటిసారి. విన్నదో లేదో ముఖంలో ఏమీ కనపడలేదు. పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. నేను కూర్చోగానే బాతుల బుట్ట తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

పట్టుకున్నాను.